రెండు స్వెట్టర్ల గది

పరీక్ష గది
సోమవారం, భోజనం అయ్యాక

అక్కా,

ఫోన్ చేయకుండా మళ్ళీ ఉత్తరమేమిటని తిట్టుకోకు. అంబులెన్సు కంట్రోల్ రూంలో కూర్చుని పన్నెండేళ్ళుగా జనం గొంతులు వింటున్నదానివి. "హలో" అనగానే అవతలి మనిషికి ఎక్కడ వణుకుతోందో పట్టేస్తావు. నీతో ఫోన్‌లో మాట్లాడితే దాచుకోవడానికి నాకేమీ మిగలదు. కాగితం మీదైతే ధైర్యంగా ఉన్నట్టు కాసేపు నటించవచ్చు.

సంగతేమిటంటే, నాకు సంతకం వచ్చింది. ఇన్నాళ్ళూ మా సీనియరు గారు పెట్టేవారు, ఆయన మానేశారు. మా కంపెనీ చేసే కంప్యూటర్ కేబినెట్లు చల్లగా ఉంటాయో లేదో పరీక్షించి, కాగితం కింద పేరు రాసేది ఇకనుంచి నేనే.

"ఖాళీ డబ్బాకి పరీక్షేమిటే పిడుగూ" అని ఎప్పుడూ ఎగతాళి చేస్తావుగా, ఇదిగో విను. డబ్బాలో ప్రాసెసరూ ఫ్యాన్లూ అన్నీ బిగిస్తాం. ఒక ప్రోగ్రాం పెట్టి ప్రాసెసర్ చేత గంటసేపు గొడ్డుచాకిరీ చేయిస్తాం. దాని వేడి ఎంతదాకా పోయి ఆగిందో చూస్తాం. అందులోంచి గది వేడిని తీసేస్తాం. మిగిలింది నలభై ఐదు డిగ్రీల లోపు ఉంటే డబ్బా పాస్, దాటితే వెనక్కి. డబ్బా మంచిది కాకపోతే లోపలి గాలి బయటికి పోదు. ప్రాసెసర్ నూరు డిగ్రీలకు చేరితే మాడిపోకుండా మిషన్ తనంతట తనే ఆగిపోతుంది. తీసివేత కూడా కంప్యూటరే చేసి చివరి అంకె ఒక్కటే కాగితం మీద అచ్చువేస్తుంది. నేను చేసేదల్లా బిగించడం, కూర్చోవడం, సంతకం.

కొత్త గదికి మారాం. బల్లను గోడకు ఆనించి, నేలమీద పాముల్లా పడి ఉన్న తీగలన్నీ కట్టలు కట్టి క్లిప్పులు పెట్టాను. మేనేజరు మెచ్చుకున్నాడు కూడా. ఆయన్ని చాటుగా చల్లనయ్య అంటాం. ఏ కాగితం చూపించినా "చల్లగానే ఉంది కదమ్మా" అంటాడు, చదవకుండా.

గది మాత్రం మంచుగడ్డ. ఏసీ తగ్గించకూడదని గోడమీద రాసి పెట్టారు. రెండు స్వెట్టర్లు తొడుక్కుని, వేళ్ళు మాత్రం బయటపెట్టి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అది చలి, భయం కాదు. సరే, కొంచెం భయం కూడా.

మొదటి సంతకం కిందటి వారమే పడింది. నల్ల కేబినెట్, ముందువైపు అద్దంలా నున్నగా మూడు అడ్డగీతలు. గాలి దూరే సందు అవి తప్ప లేదు. తప్పకుండా ఫెయిలవుతుందనుకున్నాను. నలభై మూడు వచ్చింది! ఏదో పెద్ద ఆఫీసుకు రెండువందల నలభై వెళ్ళిపోయాయి.

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

నీ పిడుగు

*

కంట్రోల్ రూం, టీ బల్ల
శుక్రవారం

పిడుగూ,

సంతకం వచ్చినందుకు సంతోషం. చిన్నప్పుడు కనబడ్డవాళ్ళందరి నుదుటి మీదా చెయ్యి పెట్టి "నీకు జ్వరం" అని తేల్చేసేదానివి. పక్కింటి పిల్లిని కూడా వదల్లేదు. నీకు ఇంతకంటే తగిన పని ఎక్కడ దొరుకుతుంది?

మోకాళ్ళ సంగతి అడిగావు. ఈ మధ్య వాటికి కాపడం బాగా దొరుకుతోంది. మాకు కొత్త మిషన్లు వచ్చాయి. బల్ల కింద చెక్క అరలో ఇమిడిపోయేలా పెట్టారు. నల్లగా, ముందు మూడు గీతలతో, చూడ్డానికి దొరబాబులా ఉన్నాయి. నువ్వు రాసినవి ఇవేనా? మధ్యాహ్నానికి మోకాలికి తగిలేసరికి వేడినీళ్ళ సంచిలా ఉంటుంది.

నవ్వులాట కాదుగానీ ఒకటి అడగాలి. మొన్న మంగళవారం మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మాట మధ్యలో నా మిషన్ టప్పున ఆరిపోయింది. మాకు ఫోన్ కూడా అందులోంచే వస్తుంది కాబట్టి లైనూ పోయింది. మళ్ళీ వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన మళ్ళీ చేశారు, పక్కవాళ్ళు అందుకున్నారు, అంతా బాగానే అయిందిలే. కానీ మా సూపర్‌వైజరమ్మ "నీ మోకాలు తగిలి స్విచ్చి పడి ఉంటుంది" అని అందరిముందూ అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషన్ని అంటున్నానట!

నా మోకాలు తగిలిందో లేదో నాకు తెలియదా? కానీ పదిమంది అనేసరికి నాకే అనుమానం పట్టుకుంది. డబ్బాల సంగతి తెలిసినదానివి, చెప్పు. అది నా మోకాలేనా?

అక్క

*

పరీక్ష గది
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ కేబినెట్ మాదే. మూడు గీతలది మేం తప్ప ఇంకెవరూ చేయరు. పెద్ద ఆఫీసు అంటే అది నీ ఆఫీసని నాకెవరూ చెప్పలేదు.

కానీ భయపడకు. ఆ రోజు ఫైలు మళ్ళీ తెరిచి అంకెలన్నీ చూశాను. నీ ధైర్యం కోసం ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను: ప్రాసెసర్ డెబ్భై ఆరు, గది ముప్పై మూడు, తేడా నలభై మూడు. హద్దు నలభై ఐదు. ఇంకా రెండు డిగ్రీలు చేతిలో ఉన్నాయి. కాగితం అబద్ధం ఆడదు. నీ మోకాలూ కాదు, నా డబ్బా కూడా కాదు. ప్లగ్గు వదులుగా ఉండి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి గోడ సాకెట్టు చూపించు.

నువ్వు నెమ్మదిగా ఉండు. నేనూ నెమ్మదిగానే ఉన్నాను.

పిడుగు

*

ఇల్లు
ఆదివారం

పిడుగూ,

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. సాకెట్టు చూశాడు, ప్లగ్గు చూశాడు. "ఇనుప మేకులా బిగిసుంది అక్కయ్యా, దీన్ని ఊడదీయాలంటే ఇద్దరు కావాలి" అని వెళ్ళిపోయాడు. గురువారం మూడున్నరకు నా మిషన్ మళ్ళీ ఆరిపోయింది. అదృష్టం, అప్పుడు లైన్లో ఎవరూ లేరు.

అప్పటినుంచి నాకు పని చేతకావడం లేదు. ఎవరు ఫోన్ చేసినా ముందు ఇంటి నంబరు చెప్పమని గద్దిస్తున్నాను. "మా నాన్నగారు..." అని ఏడుస్తుంటే "నంబర్, నంబర్" అంటున్నాను. వాళ్ళు ఇంకా భయపడుతున్నారు. అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాను. కుడిచేత్తో రాస్తూ ఎడమచేత్తో బల్ల కింద డబ్బా తడుముతున్నాను. జ్వరం చూసే పని ఇప్పుడు నాకు పడింది. పక్కసీటు ఆవిడ కూడా నిన్న వంగి తన డబ్బా ముట్టుకుంది.

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను. నాకు అంకెలు రావుగానీ, ఒక మనిషి చెప్పిన రెండు మాటలు ఒకదానికొకటి పొసగకపోతే మాత్రం చెవికి తగులుతుంది. మొదటి దాంట్లో గది మంచుగడ్డ అన్నావు. రెండోదాంట్లో గది ముప్పై మూడు డిగ్రీలంటున్నావు. మా ఇంట్లో ఇవాళ గోడ గడియారం కింద థర్మామీటరు ముప్పై ఒకటి చూపిస్తోంది. నేను ఫ్యాను కింద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాను.

ముప్పై మూడు డిగ్రీల గదిలో రెండు స్వెట్టర్లేమిటే?

అక్క

*

ఇల్లు
శనివారం

అక్కా,

మూడు వారాలు జవాబు రాయనందుకు కోప్పడకు. పని ఎక్కువైంది.

ఒక పని చెయ్యి. ఆ డబ్బాను చెక్క అరలోంచి బయటికి లాగించు. పక్క రేకు విప్పించెయ్యి, నాలుగే మరలు. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టించు. నీదొక్కటే కాదు, మీ గదిలో ఉన్నవన్నీ. ఎవరైనా ఎందుకంటే దుమ్ము దులపాలని చెప్పు. వాళ్ళు ఒప్పుకోకపోతే నీదైనా చేసుకో.

ఎందుకని నన్ను అడగకు. నీకు దణ్ణం పెడతాను, అడగకు.

పిడుగు

*

ఇల్లు
బుధవారం

పిడుగూ,

నీ అక్షరాలు కుడివైపుకు పడిపోతున్నాయి. పరీక్ష తప్పిన ఏడాది హాస్టల్ నుంచి ఇలాగే రాశావు. ఇన్నేళ్ళలో "ఏమీ అడక్కండి, తొందరగా రండి" అన్నవాళ్ళందరి ఇళ్ళలోనూ ఏదో జరిగే ఉంది. కాబట్టి అడగను. నేను దాచింది మాత్రం చెబుతాను.

ఆ మంగళవారం పెద్దాయన మళ్ళీ ఫోన్ చేయలేదు. నీకు అబద్ధం రాశాను. "మా ఆవిడ మూతి వంకరపోయిందమ్మా, చెయ్యి లేవడం లేదు" అన్నారు. వీధి పేరు చెప్పారు. ఇంటి నంబరు చెప్పబోతుంటే తెర చీకటైపోయింది. ఆయన ఫోన్ నంబరు కూడా దాంతోనే పోయింది. నాలుగు నిమిషాలు నల్లటి తెర ముందు కూర్చుని "హలో, హలో" అంటూనే ఉన్నాను, వినబడదని తెలిసి కూడా. ఆ వీధికి బండి పంపించాను. పొడుగాటి వీధి. నంబరు లేకుండా తిరిగి తిరిగి వెనక్కి వచ్చారు. ఆవిడ ఏమైందో తెలియదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆయన గొంతు వినబడుతుంది. నాకు చాలా భయంగా ఉందే. పన్నెండేళ్ళలో ఇలా ఎప్పుడూ భయపడలేదు.

మిషన్లు బయటికి లాగించమని అడిగాను. "నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఊరందరి డబ్బాలూ విప్పాలా?" అంది సూపర్‌వైజరమ్మ. గోరుచుట్టు మీద రోకటిపోటు, పెద్దాయన ఫిర్యాదు ఇచ్చారు. వచ్చే సోమవారం నామీద విచారణ.

చూడు, నాకు నీ సంగతి కొంత అర్థమైంది. సంతకానికి నువ్వు కొత్త. నేను పాత మనిషిని, నన్ను తీసేసినా ఏ ఆసుపత్రిలోనో ఫోన్లు ఎత్తుకుని బతుకుతాను. సోమవారం నా మోకాలే తగిలిందని రాసిచ్చేస్తాను. నువ్వు ఆ కాగితం ముట్టుకోకు. ఇది నేను పెద్దదాన్ని కాబట్టి చెబుతున్న మాట.

అక్క

*

పరీక్ష గది
శుక్రవారం, పదకొండు గంటలకు. కొరియరు మనిషి గుమ్మంలో నిలబడ్డాడు

అక్కా,

రాసివ్వకు. ఏమీ రాసివ్వకు. దీంతోపాటు ఉన్న రెండో కాగితం సోమవారం అందరిముందూ చదువు. అంతకుముందు ఇది నువ్వొక్కదానివే చదువు.

నీ స్వెట్టర్ల మాట అందిన రోజు పరీక్ష గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి, తెరమీద గది ముప్పై మూడు అని ఉంది. గది వేడిని కొలిచే సెన్సర్ ఒకటి చిన్న తీగకు వేలాడుతుంది. పాత గదిలో అది తలుపు దగ్గర గాలిలో ఉండేది. కొత్త గదిలో తీగ నేలమీద పడి కాళ్ళకు అడ్డం వస్తోందని నేనే దాన్ని చుట్టి, బల్ల వెనక క్లిప్పు పెట్టాను. డబ్బాకీ గోడకీ మధ్య. డబ్బా ఊదే వేడిగాలంతా గోడకు తగిలి దానిమీదే పడుతోంది. అది గదిని కొలవడం మానేసి డబ్బా ఊపిరిని కొలుస్తోంది. డబ్బా ఎంత కాలితే గది అంత వేడని రాసింది, ఆ వేడంతా తీసివేతలో పోయింది. మనుషులకు జ్వరం చూసిన నేను గదికి జ్వరం అంటగట్టాను. చక్కగా కట్టానని మెచ్చుకున్నారే, ఆ తీగే.

దాన్ని తీసి తలుపు దగ్గర వేలాడదీశాను. గది ఇరవై మూడు. తేడా యాభై మూడు. డబ్బా ఆ రోజే ఫెయిలవాల్సింది.

ఆ సాయంత్రమే నీకు రాయాల్సింది. రాయలేదు. మూడు వారాలు మింగలేక కక్కలేక తిరిగాను. పోలీసులు వస్తారేమో, ఇంకెక్కడా పని దొరకదేమో అని నా భయం నేను పడ్డాను. పైగా మళ్ళీ చేశారు, అంతా బాగానే అయింది అని నువ్వు రాసిన మాటను పట్టుకుని వేలాడాను. నిన్ను దుమ్ము దులపమని చెప్పి నా సంతకాన్ని దాచుకున్నాను. నన్ను తిట్టు, తర్వాత.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. స్టోర్స్ వాళ్ళ దగ్గర చెక్కపలకలు తెచ్చి నీ బల్ల కింద అరలాంటిది కట్టాను. మీ గదిలా వేడిగా ఉండాలని ఏసీ ఆపేసి, నల్ల డబ్బా అందులో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఎనభై. తొంభై. తొంభై ఆరు. ముప్పై ఏడో నిమిషంలో టప్పుమంది. తెర నల్లగా అయిపోయింది. ఎవరూ ఫోన్‌లో లేరు, గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా "హలో" అన్నాను అక్కా. ఎందుకన్నానో తెలియదు. నేలమీదే కూర్చుండిపోయాను.

చల్లనయ్య దగ్గరికి కాగితం తీసుకెళ్ళాను. మొదటిసారి చదివాడు. చదివి తలుపు వేశాడు.

"ఇంకెవరికైనా తెలుసా?"

"మా అక్కకి తెలుసండి."

"అక్కకి చెప్పుకో, కొన్న ఆఫీసుకి ఎందుకమ్మా? వేసవి పోతే వేడీ పోతుంది. వచ్చే సరుకులో రంధ్రాలు పెంచుదాం. నువ్వు చిన్నపిల్లవి, పేరు పాడుచేసుకోకు."

"వేసవి పోయేలోపు ఫోన్లు వస్తాయి కదండీ" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ అన్నాను.

ఇవాళ పొద్దున మీ ఆఫీసు పెద్దకు నేరుగా పంపించాను. పాత పరీక్ష, కొత్త పరీక్ష, తీగ ఎక్కడుందో ఫోటో, తప్పు నాదే అన్న మాట, అన్నింటి కిందా సంతకం. మొదటి కాగితం మీద పెట్టిన సంతకమే, అదే చేత్తో. రెండువందల నలభై డబ్బాలూ ఇవాళే అరల్లోంచి తీయాలని పైన ఎర్రసిరాతో రాశాను. వాళ్ళు వింటారో లేదో తెలియదు. అందుకే నీ దగ్గరా ఒక నకలు.

నీ మోకాలు కాదు. నీ మోకాలు ఎప్పుడూ కాదు. అది నా తీగ.

చల్లనయ్య నా తాళాలు అడిగి తీసుకున్నాడు. కొరియరు మనిషి కసురుకుంటున్నాడు.

పిడుగు

*

ఇల్లు
మంగళవారం

పిడుగూ,

శనివారం నీ కాగితం మా ఆఫీసుకు చేరింది. ఆదివారం పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేసరికి డబ్బాలన్నీ బల్లల మీదున్నాయి, రేకులు విప్పేసి. నీ ఎర్రసిరా పనిచేసింది. సూపర్‌వైజరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా తనే స్క్రూడ్రైవరు పట్టుకుని మరలు విప్పుతోంది. నన్ను చూసి "టీ తాగావా?" అంది. అది ఆవిడ క్షమాపణ. తీసుకున్నాను.

నిన్న విచారణ. పెద్దాయన వచ్చారు. నేను అనుకున్నంత పెద్దాయనేం కాదు. చేతిలో సంచి, ఆసుపత్రి కాగితాలు. వాళ్ళావిడ బతికింది. పక్కింటివాళ్ళ కారులో తీసుకెళ్ళారట, అది దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కుడిచెయ్యి స్వాధీనంలోకి రాలేదు. మాట రాలేదు. వస్తుందో రాదో డాక్టర్లు చెప్పడం లేదు.

నీ కాగితం నేనే చదివాను. నా గొంతు ఎక్కడెక్కడ వణికిందో నాకు తెలిసింది. తీగ సంగతి ఆయనకు అర్థం కాలేదు, రెండుసార్లు అడిగారు. నీ మాటల్లోనే చెప్పాను, గదికి జ్వరం అంటగట్టారని. అప్పుడు తలూపారు.

"ఆరుసార్లు హలో అన్నానమ్మా. మీరు విసుక్కుని పెట్టేశారనుకున్నాను. అందుకే మళ్ళీ చేయలేదు" అన్నారు.

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. నేను కూడా హలో అంటూనే ఉన్నానని చెప్పాను.

నామీద కేసు తీసేశారు. నీ సంగతి ఏమవుతుందో తెలియదు. మీ కంపెనీని పిలుస్తారట, నిన్నూ పిలుస్తారట. నేను పక్కనుంటాను, అది మాత్రం ఖాయం. మూడు వారాల సంగతి నేనింకా మరిచిపోలేదు, అది నువ్వొచ్చాక తిడతాను.

వెళ్ళబోతూ ఆయన ఆ కాగితం అడిగి తీసుకుని కిందున్న సంతకం చాలాసేపు చూశారు. "ఈ అమ్మాయి మా ఇంటికి ఒకసారి వస్తుందా? మా ఆవిడకు అన్నీ వినబడతాయి. ఎవరైనా వచ్చి చెబితే బాగుంటుంది" అన్నారు. కోపంగా అన్నారో, ఎలా అన్నారో... మొదటిసారి ఒక మనిషి గొంతు నాకు అంతుపట్టలేదు. ఆయన ఇంటి నంబరు నా చేతిమీద రాసుకున్నాను. పధ్నాలుగు.

నీకు భయంగా ఉంటుంది. నాకూ ఉంది. అయినా ఇద్దరం కలిసి వెళదాం. గురువారం రా, నేరుగా కంట్రోల్ రూంకే రా, నా డ్యూటీ నాలుగింటికి అయిపోతుంది. మిషన్ల కోసం ఇప్పుడు ఇక్కడ ఏసీ బాగా పెంచేశారు.

రెండు స్వెట్టర్లూ తెచ్చుకో. ఒకటి నాకు.

అక్క